గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: మైక్రోఆర్ఎన్ఏ చెప్పే జోస్యం ఎంతవరకు నమ్మదగ్గది?

క్లుప్తంగా: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎవరిలో తిరగబెడుతుందో, ఎవరు కోలుకుంటారో ముందే చెప్పగల గుర్తులుగా, కణంలో జన్యువుల పనిని అదుపు చేసే చిన్న తునకలైన మైక్రోఆర్ఎన్ఏల పేరు కొన్నేళ్లుగా వినిపిస్తోంది. ఈ ఆలోచనకు ఆధారమైన జీవశాస్త్రం గట్టిదే. అయితే ఒక రోగుల బృందంలో పనిచేసిన మైక్రోఆర్ఎన్ఏ జాబితా మరో బృందం దగ్గరికి వచ్చేసరికి తడబడుతోంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల రోగులకు సంబంధించి వ్యాధి దశ, లింఫ్ గ్రంథుల స్థితి, రేడియేషన్ గడువులోగా పూర్తి కావడం అనే మూడు విషయాలే నేటికీ ఎక్కువ చెబుతున్నాయి.

ముక్క పరీక్ష తర్వాత వచ్చే ప్రశ్న

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఈ జబ్బు చాలావరకు ఆగని తెల్లబట్టతోనో, ముట్లుడిగిన తర్వాత మళ్లీ కనిపించిన రక్తంతోనో బయటపడుతుంది. జిల్లా ఆసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. క్యాన్సర్ అని తేలాక దారి హైదరాబాద్‌కు మళ్లుతుంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఆవరణలో ఉమ్మడి మహబూబ్‌నగర్, ఉమ్మడి నల్లగొండ జిల్లాల నుంచి వచ్చినవారు ఏ రోజైనా కనిపిస్తారు. అక్కడ కుటుంబ సభ్యులు వైద్యులను అడిగేది ఒకే మాట: నయమవుతుందా, మళ్లీ వస్తుందా?

దానికి వైద్యుల దగ్గర సూటి జవాబు ఉండదు. ఒకే దశలో, ఒకే వయసులో, ఒకే చికిత్స తీసుకున్న ఇద్దరు స్త్రీలలో ఒకరు పదేళ్ల తర్వాత కూడా పొలం పనికి పోతుంటారు. మరొకరికి ఏడాదిన్నర తిరగకుండానే కటి భాగంలోనో, ఊపిరితిత్తుల్లోనో జబ్బు మళ్లీ తలెత్తుతుంది. ఈ తేడా ఎక్కడ ఉందో కణితి లోపలే వెతకాలన్న పట్టుదల నుంచి పుట్టినవే జీవసూచికలు, అంటే జబ్బు దారిని పసిగట్టడానికి కణితిలోనో రక్తంలోనో కొలిచే గుర్తులు. వాటిలో ఎక్కువ ఆశ పెంచినవీ, ఎక్కువ అయోమయం మిగిల్చినవీ మైక్రోఆర్ఎన్ఏలు. ఒక రక్తపు చుక్కతో క్యాన్సర్ భవిష్యత్తు తెలుస్తుందంటూ వచ్చే వార్తల్లో కొన్ని వీటి గురించే.

సమస్య పరిమాణం చిన్నది కాదు. ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలు కట్టే గ్లోబోకాన్ అంచనాల ప్రకారం 2022లో భారతదేశంలో ఈ క్యాన్సర్ కొత్తగా 1,27,526 మందిలో బయటపడింది, 79,906 మంది దీనితో మరణించారు. జబ్బు ముఖద్వారానికే పరిమితమై ఉండగా దొరికితే అయిదేళ్లు దాటి బతికేవారు సుమారు 90 శాతమనీ, దూర అవయవాలకు పాకాక దొరికితే 20 శాతం లోపేననీ అమెరికా లెక్కలు చెబుతాయి. ఈ రెండు అంకెల నడుమ ఉన్న దశల్లోనే ఊహకు అందనితనం ఎక్కువ. మన దగ్గర ఆసుపత్రికి చేరేవారిలో చాలామంది ఆ నడిమి దశల్లోనే ఉంటారు.

నులిపురుగులో దొరికిన చిన్న తునక

1993లో అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్ బృందం ఒక మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగాన్స్ అనే పురుగు మీద పనిచేస్తూ వింతైన జన్యువును కనుగొంది. దాని పేరు లిన్-4. ఆ జన్యువు ఏ ప్రొటీనునూ తయారు చేయదు. కేవలం 22 అక్షరాల పొడవున్న ఆర్ఎన్ఏ తునకను మాత్రం వదులుతుంది. ఆ తునక లిన్-14 అనే మరో జన్యువు సందేశానికి అతుక్కుని దాని నోరు మూయిస్తుందని గ్యారీ రవ్కున్ బృందం పని తేల్చింది. పురుగుకే పరిమితమైన విడ్డూరమని చాలామంది పక్కన పెట్టారు. 2000లో లెట్-7 అనే రెండో తునక దొరికింది. అది మనిషితో సహా అనేక జంతువుల్లో ఉందని తెలిశాక ఆ చిన్నచూపు పోయింది. ఆంబ్రోస్, రవ్కున్‌లకు 2024లో వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది.

కణం కేంద్రకంలో ఉన్న జన్యువు తనకు కావలసిన సరుకు రాసి పంపే చీటీ లాంటిది సందేశ ఆర్ఎన్ఏ. ఆ చీటీ చూసి కణంలోని యంత్రాంగం ప్రొటీను తయారు చేస్తుంది. మైక్రోఆర్ఎన్ఏ వెళ్లి ఆ చీటీ చివరన అతుక్కుంటుంది. అప్పుడు చీటీని ఎవరూ చదవలేరు, లేదా అది చిరిగిపోతుంది. అతుక్కోవడానికి మైక్రోఆర్ఎన్ఏలోని రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం వరకు సరిపోతే దాదాపు చాలు. ఈ సౌలభ్యం వల్లే ఒక్కో మైక్రోఆర్ఎన్ఏ వందల చీటీలను ఆపగలదు, ఒక్కో చీటీని పలు మైక్రోఆర్ఎన్ఏలు ఆపగలవు. ఒక్క దారం లాగితే అల్లిక మొత్తం కదులుతుంది. తర్వాత వచ్చే తికమకల్లో చాలా వాటికి మూలం ఇదే.

మనిషిలో ఇప్పటివరకు నమోదైన పరిపక్వ మైక్రోఆర్ఎన్ఏలు రెండు వేలకు పైనే. వాటిని మిర్-21, మిర్-34 అంటూ అంకెలతో పిలుస్తారు. ఆ అంకెలు ఎక్కువగా కనుగొన్న వరుసను చూపిస్తాయి తప్ప బలాబలాలను చూపించవు.

వైరస్ ఏం మారుస్తుంది

ఈ క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ కారణమయ్యేది హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ). ముఖద్వార కణితుల్లో 16వ రకం వైరస్ ఉందని 1983లో హరాల్డ్ జుర్ హౌసెన్ చూపారు. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. 16, 18 రకాలు రెండూ కలిసి ప్రపంచంలోని కేసుల్లో సుమారు 70 శాతానికి కారణం. ఈ వైరస్ దగ్గర రెండు ఆయుధాలున్నాయి. ఈ6 అనే ప్రొటీను, దెబ్బతిన్న కణాన్ని ఆపే కాపలాదారైన పీ53ని నాశనం చేయిస్తుంది. ఈ7 అనే ప్రొటీను, కణ విభజనకు పగ్గంలా ఉండే ఆర్‌బీని పనికిరాకుండా చేస్తుంది.

మైక్రోఆర్ఎన్ఏల కథ ఇక్కడే మొదలవుతుంది. పీ53 మామూలు రోజుల్లో మిర్-34ఏ ఉత్పత్తిని పెంచుతుంది. ఆ మైక్రోఆర్ఎన్ఏ కణ విభజనకు కావలసిన చీటీలను ఆపుతుంది. పీ53 పోతే మిర్-34ఏ కూడా తగ్గుతుంది, కాపలా రెండు చోట్లా పడిపోతుంది. ఇక మిర్-203 చర్మం, ముఖద్వారం లాంటి పొరల్లో అడుగు కణాలు పైకి జరుగుతూ విభజన మానే వేళ పెరగాల్సిన తునక. కణం విభజన మానితే వైరస్‌కు బతుకు లేదు కాబట్టి ఈ7 దాన్ని అణచి ఉంచుతుంది. మిర్-218ని 16వ రకం వైరస్ ఈ6 తగ్గిస్తుంది. దాంతో కణం కదలికకు తోడ్పడే ఒక లామినిన్ ప్రొటీను పెరుగుతుంది. మరోవైపు మిర్-21 పెరిగి పీటెన్ వంటి కణితి నిరోధకాలను నొక్కేస్తుంది. మిర్-143, మిర్-145 తగ్గినట్లు చాలా అధ్యయనాల్లో కనిపించింది. మిర్-9 పెరుగుదలకు వైరస్ ప్రొటీన్లతో పాటు ఇంకో కారణముంది. ఈ కణితుల్లో 1వ క్రోమోజోమ్ పొడవాటి చేయి అదనపు ప్రతులు ఏర్పడతాయి. మిర్-9 జన్యువుల్లో ఒకటి ఆ చేతి మీదే ఉంది.

కణితిలో ప్రాణవాయువు తగ్గితే పెరిగే మిర్-210 గురించి విడిగా చెప్పుకోవాలి. రేడియేషన్ కణాన్ని చంపడానికి ప్రాణవాయువు తోడు కావాలి. ప్రాణవాయువు అందని భాగాలు రేడియేషన్‌ను తట్టుకుని నిలుస్తాయి. కాబట్టి మిర్-210 ఎక్కువగా ఉన్న కణితి చికిత్సకు లొంగదేమో అన్న అనుమానానికి తర్కం ఉంది. రక్తహీనత ఉన్న స్త్రీకి రేడియేషన్ ఫలితం తగ్గుతుందన్న పాత అనుభవానికి కూడా ఈ తర్కమే ఒక వివరణ. తెలంగాణలో పునరుత్పత్తి వయసు స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్లు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ప్రయోగశాలలో ఖరీదైన యంత్రం మీద మిర్-210 కొలిచే ముందు, ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా కొలవగల హిమోగ్లోబిన్ అదే దిశలో కొంత కబురు ఇస్తుందన్నమాట.

రెండు అధ్యయనాలు, రెండు ఫలితాలు

జీవశాస్త్రం ఇంత పొందికగా ఉన్నప్పుడు దాన్ని జోస్యానికి వాడుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. 2010లో అమెరికా పరిశోధకులు 102 ముఖద్వార క్యాన్సర్ నమూనాల్లో క్యాన్సర్‌తో సంబంధమున్న 96 మైక్రోఆర్ఎన్ఏలను కొలిచారు. వాటిలో మిర్-200ఏ, మిర్-9 అనే రెండింటి స్థాయిలను బట్టి రోగి ఎంతకాలం బతుకుతారో అంచనా కట్టవచ్చని ప్రకటించారు. ఆ తర్వాత ఇలాంటి జాబితాలు వరుసగా వచ్చాయి. ఒక్కో దేశంలో ఒక్కో జాబితా. కొన్ని చోట్ల మిర్-21, కొన్ని చోట్ల మిర్-155, ఇంకొన్ని చోట్ల రక్తంలోని మిర్-20ఏ. ఈ జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఉమ్మడిగా కనిపించే పేర్లు తక్కువ. అనుమానం రావలసింది అప్పుడే.

2015లో కెనడా పరిశోధకులు ప్రచురించిన ఫలితం ఈ అనుమానానికి రూపం ఇచ్చింది. వారు 79 మంది రోగుల నుంచి తీసి గడ్డకట్టించి దాచిన నమూనాల నుంచి తొమ్మిది మైక్రోఆర్ఎన్ఏల జాబితా తయారు చేశారు. ఆ 79 మందిలో ఎవరికి జబ్బు తిరగబెట్టిందో ఆ జాబితా చక్కగా విడదీసింది. తర్వాత వేరే 87 మంది రోగుల నమూనాల మీద అదే జాబితాను మూడు వేర్వేరు పద్ధతుల్లో పరీక్షించారు. మూడుసార్లూ విఫలమైంది. పరిశోధకులు ఆ సంగతిని దాచకుండా తమ అనుభవం ఇతరులకు హెచ్చరికగా పనికొస్తుందని రాసి మరీ ప్రచురించారు. విజయాలే అచ్చయ్యే రంగంలో ఇలాంటి పత్రం అరుదు. మైక్రోఆర్ఎన్ఏల గురించి సామాన్య పాఠకుడు ఒక్క అధ్యయనమే గుర్తుంచుకోవాలంటే అది ఇదే కావాలి.

ఎందుకు విఫలమైంది? ఒక కారణం నమూనా నిల్వ. మొదటి బృందం ముక్కలు గడ్డకట్టించి దాచినవి. రెండో బృందం ముక్కలు ఫార్మలిన్‌లో నానబెట్టి మైనం దిమ్మల్లో దాచినవి. మైక్రోఆర్ఎన్ఏలు పొట్టివి, పైగా ప్రొటీను కవచంలో ఉంటాయి కాబట్టి మైనం దిమ్మలో ఏళ్ల తరబడి చెడకుండా ఉంటాయని వీటి గొప్పగా చెబుతారు. ఆ మాట నిజమే. కానీ చెడకుండా ఉండటం వేరు, గడ్డకట్టిన ముక్కలో వచ్చిన అంకే మైనం దిమ్మలోనూ రావడం వేరు. రెండింటి మధ్య పొంతన చాలలేదని కెనడా బృందం గమనించింది. రెండో కారణం కణితి అంతా ఒకే తీరుగా ఉండకపోవడం. ఒకే కణితి అంచు నుంచి తీసిన ముక్కకూ, నడిమధ్య నుంచి తీసిన ముక్కకూ తేడా ఉంటుంది. ముక్కలో క్యాన్సర్ కణాలెన్ని, చుట్టూ ఉన్న కండర, రక్తనాళ కణాలెన్ని అన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. కొలిచే యంత్రం, పద్ధతి మారడం మూడో కారణం.

బోరు పాయింటు లెక్క

ఇవికాక గణితంలోనే ఒక చిక్కు ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి దక్షిణ తెలంగాణ రైతుకు పెద్ద కష్టం ఉండదు. బోరు వేసే ముందు కొబ్బరికాయ పట్టుకునో, వేపపుల్ల పట్టుకునో పాయింటు చూసేవారిని పిలవడం ఇక్కడ కొత్త కాదు. నీళ్లు పడ్డ బోర్ల చుట్టూ తిరిగి ఇక్కడ ఈ రాయి ఉంది, అక్కడ ఆ చెట్టు ఉందని నీళ్లకూ గుర్తులకూ లంకె కలపడం ఎవరికైనా సాధ్యమే. ఎప్పుడూ చూడని చెలకలో నిలబడి ముందే చెప్పి, తర్వాత బోరు వేసి చూసినప్పుడే ఆ విద్య సంగతి తేలుతుంది. 79 మంది మీద తయారైన జాబితా ఆ 79 మందిలో పనిచేయడం మొదటి రకం పరీక్ష. 87 మంది మీద పెట్టింది రెండో రకం.

మొదటి రకం పరీక్ష ఎందుకు అంత తేలికగా గట్టెక్కుతుందో చిన్న లెక్క చెబుతుంది. ఒక మైక్రోఆర్ఎన్ఏకూ మరణానికీ ఏ సంబంధమూ లేకపోయినా, కాకతాళీయంగా సంబంధం ఉన్నట్లు కనిపించే అవకాశం వందలో అయిదు అనేది పరిశోధనల్లో మామూలుగా ఒప్పుకునే హద్దు. 96 మైక్రోఆర్ఎన్ఏలను చూస్తే అలా ఊరికే నిజమనిపించేవి అయిదు దాకా దొరుకుతాయి. రెండు వేలు చూస్తే వంద. ఈ పొరపాటును సరిచేసే గణిత పద్ధతులున్నా, రోగుల సంఖ్య వందకు అటూ ఇటూగా ఉన్నప్పుడు అవి కూడా పూర్తిగా కాపాడలేవు. 79 మందిలో మూడో వంతుకు జబ్బు తిరగబెట్టిందని అనుకుంటే సుమారు 26 సంఘటనలు. వాటి ఆధారంగా తొమ్మిది గుర్తులకు తూకాలు నిర్ణయించాలంటే ఒక్కో గుర్తుకు మూడు సంఘటనలు కూడా రావు. ఒక్కో గుర్తుకు కనీసం పది ఉండాలన్నది గణాంక నిపుణుల పాత లెక్క.

పరీక్ష గట్టెక్కిందనే అనుకుందాం. అప్పుడైనా అది పడక దగ్గర ఎంత పనికొస్తుందో చూడాలి. ఊహకు ఒక ఉదాహరణ: ఒకే దశలో ఉన్న వంద మంది స్త్రీలలో 30 మందికి జబ్బు తిరగబెడుతుంది. తిరగబెట్టేవారిలో 70 శాతాన్ని, తిరగబెట్టనివారిలో 70 శాతాన్ని సరిగ్గా గుర్తించే పరీక్ష ఒకటి చేతిలో ఉంది. వినడానికి బాగానే ఉంటుంది. అది 42 మందిని ప్రమాదంలో ఉన్నారంటుంది. వారిలో 21 మందికే నిజంగా తిరగబెడుతుంది, మిగతా 21 మంది ఊరికే భయపడతారు. ప్రమాదం లేదన్న 58 మందిలో తొమ్మిది మందికి తిరగబెడుతుంది. నాణెం ఎగరేసినంత కచ్చితత్వంతో ఒక స్త్రీకి అదనపు మందులు మొదలుపెట్టాలా అన్నది వైద్యుడి ముందు మిగిలే ప్రశ్న.

రక్తంలో కొలిస్తే

ముక్క తీయనవసరం లేకుండా రక్తంలోనే కొలవవచ్చన్నది మైక్రోఆర్ఎన్ఏలకు ఉన్న మరో ఆకర్షణ. కణితి కణాలు వీటిని చిన్న చిన్న సంచుల్లో పెట్టి రక్తంలోకి వదులుతాయి. లింఫ్ గ్రంథులకు జబ్బు పాకినవారి రక్తంలో మిర్-20ఏ స్థాయి మారినట్లు చైనా పరిశోధనలు చెప్పాయి. ఇది నిలిస్తే మేలు పెద్దదే. గ్రంథులకు పాకిందో లేదో ముందే తెలిస్తే శస్త్రచికిత్సా, రేడియేషనా అన్నది నిర్ణయించుకోవచ్చు.

చిక్కంతా రక్తంలోని మైక్రోఆర్ఎన్ఏల్లో ఎక్కువ భాగం కణితి నుంచి రాకపోవడంలో ఉంది. రక్తకణాలే వాటిని విస్తారంగా వదులుతాయి. ఎర్ర రక్తకణాల్లో మిర్-451ఏ, మిర్-16 దండిగా ఉంటాయి. గొట్టంలో రక్తకణాలు కొన్ని పగిలినా ఈ రెండూ సీరంలోకి, అంటే రక్తకణాలు వేరుచేశాక మిగిలే ద్రవంలోకి, పొంగుతాయి. చాలా ప్రయోగశాలలు ఇతర మైక్రోఆర్ఎన్ఏలను మిర్-16తోనే పోల్చి కొలిచేవి. కొలబద్దే సాగిపోతే బట్ట పొడవు ఎలా తెలుస్తుంది? అమ్రాబాద్‌లో మే నెల మధ్యాహ్నం తీసిన రక్తం జీపులో, బస్సులో కుదుపులు తిని సాయంత్రానికి హైదరాబాద్ చేరితే, ఆసుపత్రి ఆవరణలోనే తీసి వెంటనే వేరు చేసిన సీరంతో దాన్ని పోల్చడం కుదరదు. అప్పుడు కనిపించే తేడా కణితిదో, దూరానిదో చెప్పలేం. ఇక మిర్-21 సంగతి: ఎక్కడ వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది, చాలా రకాల క్యాన్సర్లలోనూ పెరుగుతుంది.

ఈ పోటీలో వైరస్ డీఎన్ఏకు ఒక సహజమైన ఆధిక్యం ఉంది. చికిత్స తర్వాత రక్తంలో హెచ్‌పీవీ డీఎన్ఏ తునకలు మిగిలి ఉంటే అవి దాదాపు కణితి నుంచి వచ్చినవే అయి ఉంటాయి, ఆరోగ్యవంతమైన కణాలకు వాటిని తయారుచేసే వీలు లేదు. మైక్రోఆర్ఎన్ఏలు ఒంట్లోని ప్రతి కణమూ తయారు చేసేవి. ఈ ఒక్క తేడా వల్లే ఇటీవలి పరిశోధన వైరస్ డీఎన్ఏ వైపు మొగ్గుతోంది.

జోస్యం వేరు, ఎంపిక వేరు

వార్తల్లో తరచూ కలగాపులగమయ్యే రెండు మాటలను ఇక్కడ విడదీయాలి. ఏ చికిత్స ఇచ్చినా సరే, ఈ జబ్బు దారి ఎలా ఉంటుందో చెప్పేది జోస్య సూచిక. ఈ రోగికి ఫలానా మందు పనిచేస్తుందా లేదా అని చెప్పేది ఎంపిక సూచిక. రొమ్ము క్యాన్సర్‌లో హార్మోన్ గ్రాహకాల పరీక్ష రెండో రకానికి చక్కని ఉదాహరణ. దాన్ని బట్టే మాత్రలు రాస్తారు. ముఖద్వార క్యాన్సర్‌లో కూడా జబ్బు తిరగబెట్టినా, దూరం పాకినా పీడీ-ఎల్1 అనే ప్రొటీను ఎంత ఉందో పరీక్షించి, రోగనిరోధక వ్యవస్థను కణితి మీదికి ఉసిగొలిపే పెంబ్రోలిజుమాబ్ అనే మందు ఇవ్వాలా అని నిర్ణయిస్తారు. మైక్రోఆర్ఎన్ఏల మీద వచ్చిన పనిలో చాలా భాగం మొదటి రకమే. చికిత్సను ఎంచుకోవడానికి వైద్యులు అనుసరించే ప్రధాన మార్గదర్శకాల్లో ఏ మైక్రోఆర్ఎన్ఏ పరీక్షకూ ఇంతవరకు చోటు దక్కలేదు.

పదేళ్ల కింద అయితే దీనికి ఒక సాకు ఉండేది. స్థానికంగా ముదిరిన జబ్బుకు 1999 నుంచీ దాదాపు ఒకటే చికిత్స: వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, దానితో పాటు రేడియేషన్. ప్రమాదం ఎక్కువని తెలిసినా ఇవ్వడానికి వేరే ఏమీ లేదు. ఇప్పుడు ఆ పరిస్థితి మారింది. రేడియేషన్‌కు ముందు ఆరు వారాల పాటు కీమో ఇస్తే అయిదేళ్లు బతికేవారు 72 శాతం నుంచి 80 శాతానికి పెరిగారని 2024లో ప్రచురితమైన ఇంటర్‌లేస్ ప్రయోగం చూపింది. రేడియేషన్‌కు పెంబ్రోలిజుమాబ్ కలిపితే మూడేళ్లు బతికేవారు సుమారు 75 నుంచి 83 శాతానికి పెరిగారని కీనోట్-ఏ18 ప్రయోగం తేల్చింది. మొదటిది చవకైన పాత మందులతో అయ్యే పని. రెండోది లక్షల ఖర్చు. వందలో ఎనిమిది మందికి దక్కే ఆ అదనపు మేలు ఎవరికి దక్కుతుందో ముందే తెలిస్తే, మిగతా వారికి ఖర్చూ దుష్ప్రభావాలూ తప్పుతాయి. మైక్రోఆర్ఎన్ఏ పరీక్షకు నిజంగా చోటు ఉన్నది ఇక్కడ. ఈ ప్రయోగాల్లో పాల్గొన్నవారి నమూనాల మీద ముందే ప్రకటించిన జాబితాతో పరీక్షిస్తే జవాబు వస్తుంది.

మైక్రోఆర్ఎన్ఏనే మందుగా ఇవ్వాలన్న ప్రయత్నం గురించి ఒక మాట. మిర్-34ఏ నకలును కాలేయ క్యాన్సర్ తదితర రోగులకు ఇచ్చిన తొలి దశ ప్రయోగాన్ని, రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన తీవ్ర దుష్ప్రభావాల వల్ల 2016లో ఆపేశారు. వందల చీటీలను ఒకేసారి ఆపగల తునకను ఒళ్లంతా పంపితే ఏమవుతుందో అది చూపింది.

పాలమూరు నుంచి చూస్తే

ఇప్పుడు రోగి ఊరి వైపు నుంచి చూద్దాం. చికిత్స ఫలితాన్ని గట్టిగా ముందే చెప్పగలవని దశాబ్దాల అనుభవం తేల్చిన విషయాలు కొన్ని ఉన్నాయి. కణితి పరిమాణం. అది పక్క కణజాలానికి పాకడం. కటిలోని లింఫ్ గ్రంథులకు చేరడం. 2018లో దశల విభజనను సవరించినప్పుడు గ్రంథులకు పాకిన ప్రతి కేసునూ కనీసం మూడో దశలో చేర్చారంటే దాని బరువు తెలుస్తుంది. స్కాన్ చేస్తే చాలావరకు ఇవన్నీ తెలుస్తాయి. కొత్త మైక్రోఆర్ఎన్ఏ పరీక్ష ఏదైనా వీటికి అదనంగా ఏం చెబుతుందో చూపాలి. పెద్ద కణితిలో ఎక్కువగా ఉండే మైక్రోఆర్ఎన్ఏ మరణాన్ని ముందే చెప్పిందంటే, అది కణితి పెద్దదన్న పాత సంగతినే కొత్త భాషలో చెబుతూ ఉండవచ్చు.

వీటి తర్వాత వచ్చేది క్యాలెండరు. పల్లెల్లో కరెంటు పెట్టించుకోవడం అని పిలిచే రేడియేషన్ వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు, సుమారు 25 విడతలు సాగుతుంది. ఆపైన ముఖద్వారం లోపలే పరికరం పెట్టి ఇచ్చే బ్రాకీథెరపీ విడతలు. మొత్తం ఎనిమిది వారాల్లో ముగియాలి. ఆ గడువు దాటిన ప్రతి రోజుకూ కటి భాగంలో జబ్బు అదుపులో ఉండే అవకాశం అర శాతం నుంచి ఒక శాతం దాకా తగ్గుతుందని పాత అధ్యయనాలు లెక్కగట్టాయి. విరామంలో మిగిలిన కణాలు వేగంగా పెరగడమే కారణం.

అచ్చంపేట, మక్తల్, దేవరకొండ, గద్వాల నుంచి వచ్చే స్త్రీ రోజూ ఇంటికి పోయి రాలేదు. రెండు నెలలు నగరంలో ఉండాలి, తోడు ఒక మనిషి ఉండాలి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పథకం ఆసుపత్రి బిల్లును చాలావరకు మోసింది. పోయిన కూలి రోజులను, ఊళ్లో వదిలి వచ్చిన బర్రెలను, పిల్లలను అది మోయలేదు. నాట్ల వేళనో, పత్తి తీసే వేళనో నాలుగు రోజులు ఇంటికి వెళ్లి వచ్చిన స్త్రీ ఎనిమిది వారాల గడువు దాటిపోతుంది.

పరిశోధకులకు ఇందులో పెద్ద బోను ఉంది. హైదరాబాద్‌లోని ఏ ఆసుపత్రిలోనైనా మైక్రోఆర్ఎన్ఏ అధ్యయనం చేసి, రేడియేషన్ ఎన్ని రోజుల్లో ముగిసిందో రాసుకోకపోతే ఏమవుతుంది? దూరపు పల్లెల స్త్రీలు ఆలస్యంగా, పెద్ద కణితితో వస్తారు. వారిలో రక్తహీనత ఎక్కువ, చికిత్సలో విరామాలు ఎక్కువ. వారి కణితిలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి మిర్-210 లాంటివి ఎక్కువ. చివరికి మరణాలూ ఎక్కువ. లెక్క తేల్చేసరికి తప్పంతా మిర్-210 మీద పడుతుంది. నగరవాసుల మీద, గడువులో చికిత్స ముగిసిన దేశాల రోగుల మీద అదే పరీక్ష పెడితే ఫలితం మాయమవుతుంది. ఒక దేశపు జాబితా మరో దేశంలో నిలవకపోవడానికి ఇలాంటి దాగిన కారణాలు కూడా ఉంటాయి.

ఇంకో స్థానిక చిక్కు గర్భసంచి ఆపరేషన్లు. దేశంలో గర్భసంచి తొలగింపులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపాయి. తెల్లబట్ట, రక్తస్రావం అనగానే ముఖద్వారం పరీక్షించకుండా గర్భసంచి తీసేస్తే, లోపలున్న క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ముక్క పరీక్షలో బయటపడుతుంది, ఒక్కోసారి అసలు ముక్క పరీక్షకే వెళ్లదు. మామూలు ఆపరేషన్ ఆ క్యాన్సర్‌కు సరిపోదు. ఆ తర్వాత రేడియేషన్ ఇవ్వడం కష్టమవుతుంది, ఫలితమూ తగ్గుతుంది. అలాంటి రోగిలో ముందున్న కణితి ఎంత, ఎక్కడిదాకా పాకింది అన్నవే తెలియవు కాబట్టి ఏ సూచికనూ సరిపోల్చడానికి ఆధారం మిగలదు.

దేనికి పనికొస్తుంది

ఇంత చెప్పాక మైక్రోఆర్ఎన్ఏలు దండగ అన్న అర్థం రావచ్చు. అది సరికాదు. వైరస్ కణాన్ని ఎలా లొంగదీసుకుంటుందో, రేడియేషన్‌ను కణితి ఎలా తట్టుకుంటుందో తెలియడంలో వీటి పాత్ర గట్టిగా నిలబడింది. జోస్యం విషయంలో మాత్రం రొమ్ము క్యాన్సర్ అనుభవం దారి చూపిస్తోంది. అక్కడ 21 జన్యువుల పరీక్ష 2004 ప్రాంతంలో వచ్చింది. ఆ అంకెను నమ్మి కీమో మానేయవచ్చా అన్నది తేలడానికి పదివేల మందికి పైగా స్త్రీలతో టెయిలర్‌ఎక్స్ ప్రయోగం చేయవలసి వచ్చింది, ప్రధాన ఫలితం 2018లో వచ్చింది. 79, 87, 102 అనే అంకెలను ఆ పదివేల పక్కన పెడితే ముఖద్వార క్యాన్సర్‌లో ఈ పని ఎక్కడ ఉందో అర్థమవుతుంది.

దక్షిణ తెలంగాణకు ఇందులో ఒక అవకాశమూ ఉంది. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. వీటి ప్రయోగశాలల్లో ముక్క పరీక్షల మైనం దిమ్మలు ఏటా పేరుకుంటాయి. వాటికి ఫ్రీజర్ అక్కర్లేదు, కరెంటు పోయినా చెడవు. ఒక్కో దిమ్మ పక్కన రోగి దశ, గ్రంథుల స్థితి, చికిత్సకు ముందు హిమోగ్లోబిన్, గర్భసంచి ముందే తీసేశారా అన్న వివరం, రేడియేషన్ మొదలైన తేదీ, ముగిసిన తేదీ, రెండేళ్లకు, అయిదేళ్లకు మనిషి ఎలా ఉందన్న కబురు ఉండాలి. చివరి కబురు తేవడం కష్టమనిపించినా, ఊరూరా ఆశా కార్యకర్త ఉన్న చోట అసాధ్యం కాదు. అలాంటి వెయ్యి దిమ్మలు పోగైతే ఎక్కడి మైక్రోఆర్ఎన్ఏ జాబితానైనా తెచ్చి ఇక్కడి స్త్రీల మీద నిలుస్తుందో లేదో చూడవచ్చు. అందులో యంత్రం చేసే పని చివరి వారం రోజులది. మిగతాదంతా ఆ రెండు తేదీలను చేతిరాతతో తప్పు లేకుండా రాసుకునే పని.